ఐదు నిమిషాల నీళ్లు

ఆగస్టు పదిహేడు, సోమవారం, డండీ.
టే నది మీంచి వచ్చే గాలి
మూతికి కట్టుకున్న గుడ్డని లోపలికి తోస్తోంది.
జీవశాస్త్ర భవనం తాళం తీశాను,
నూట యాభై మూడు రోజుల తర్వాత.

లోపల ముక్కబారిన వాసన ఉంటుందనుకున్నాను.
నిన్నో మొన్నో తుడిచిన నేల వాసన.
ఎందుకని అప్పుడు నాకు తట్టలేదు.

నా చంకలో ఇరవై ఏడు పేజీలు.
'సిబ్బంది క్షేమంగా తిరిగి రావడం' అని అట్ట మీద.
నేనే రాశాను, వంటింటి బల్ల మీద,
అడ్డంగా పడుకున్న పిల్లిని జరుపుతూ జరుపుతూ.
తూర్పు మెట్లు ఎక్కడానికే, పడమటి మెట్లు దిగడానికే.
లిఫ్టులో ఒక్కరే.
టీ గదిలో కెటిల్ ఉండదు.
(ఫిర్యాదులన్నీ కెటిల్ గురించే వచ్చాయి.)

మొదటి జట్టులో పన్నెండు మంది.
ఎడంగా వేసిన కుర్చీల్లో
పరీక్షకొచ్చిన పిల్లల్లా కూర్చున్నారు.
ముప్పై ఏళ్లుగా సముద్రపు నాచు గురించి చెబుతున్న
ఇష్బెల్ రాంకిన్
తన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది,
ఎవరో దాచమని ఇచ్చి వెళ్లిన వస్తువుల్లా.
లాక్లన్ ఏదో జోకు వేశాడు.
అది గుడ్డ దాటి రాలేదు.

పంతొమ్మిదో పేజీ. నిలవ నీళ్లు.
"ఇన్నాళ్లు కదలని గొట్టాల్లో ఇంకో జబ్బు పెరుగుతుంది,
అదీ ఊపిరితిత్తుల్నే పడుతుంది.
ఒకదానికి భయపడి ఇంట్లో దాక్కుంటే
రెండోది కుళాయిలో కాపు కాస్తుందన్నమాట.
ప్రతి కుళాయీ తిప్పి, చిందకుండా,
ఐదు నిమిషాలు వదలాలి.
మొత్తం నూట పద్దెనిమిది.
ఎవరెవరు ఏ అంతస్తు?"

వెనక తలుపు దగ్గర నిలబడ్డ బోజెనా
చెయ్యెత్తింది.
"వదిలాను."
ఎప్పుడు?
"ప్రతి మంగళవారం. మార్చి నుంచీ.
నూట పద్దెనిమిది కాదు, నూట ఇరవై ఒకటి.
బాయిలర్ గది వెనక ఒకటి,
మిద్దె మెట్ల కింద రెండు. మీ పటంలో లేవు."

ఎక్కడో గోడలోపల
గొట్టం ఒకటి గుటక వేసింది.

నేను లెక్కలోకి పారిపోయాను.
ఒకేసారి నాలుగు తిప్పినా
వారానికి రెండున్నర గంటలు
ఖాళీ భవనంలో ఒక్క మనిషి, నీళ్ల ముందు.

"ఆ ఐదు నిమిషాలూ ఏం చేసేదానివి?"
అడిగింది ఇష్బెల్.
"మొదట్లో అమ్మమ్మ నేర్పిన ప్రార్థన.
తర్వాత విసుగొచ్చింది.
తలుపుల మీద పేర్లు చదివేదాన్ని.
మీ పేరు పలకడం ఇప్పటికీ తెలీదు."

ఇష్బెల్ పలికి చూపించింది.
పెదాలు కనబడవు కదా, మళ్లీ పలికింది.
మూడోసారికి బోజెనా నోట అది
పోలండులో పుట్టిన పేరులా వచ్చింది.
ఇష్బెల్ దిద్దలేదు.

తుడవబడును. తెరవబడును. కడగబడును.
నా ఇరవై ఏడు పేజీల నిండా
కర్త లేని వాక్యాలు.
వెళ్లనే వెళ్లని మనిషికి
తిరిగి రావడం ఎలాగో రాశాను.
చేతులు కడుక్కోవడం నేర్పడానికొచ్చి
చేతులు దులుపుకున్నవాణ్ణి
ఆ గదిలో నేనొక్కణ్ణే.

కాగితాలు కుర్చీ కింద పెట్టి
గుడ్డా, మందు సీసా ఆవిడకిచ్చాను.
"అవతలి అంచు నుంచి మీ వైపుకి.
తుడిచిన చోటికి మళ్లీ వెళ్లొద్దు.
చల్లగానే తుడిచేస్తే ఏం లాభం?
కాసేపు తడిగా ఉండనివ్వండి.
మీకు అదే రాదు, ఆగడం."
పన్నెండు మంది పండితులు
లేని బల్లల్ని గాల్లో తుడిచారు.
లాక్లన్ ఎడమచేతి వాటం. అతనికి వేరేగా చూపించింది.

సాయంత్రం అందరూ వెళ్లాక
బాయిలర్ గది వెనక్కి వెళ్లాను.
ఉంది. ఇత్తడిది, నా మోకాలి ఎత్తులో,
పిడి మాత్రం రుద్ది రుద్ది మెరుస్తోంది.
తిప్పాను.
మొదటి క్షణం నుంచే తేట నీళ్లు.

ఐదు నిమిషాలు నిలబడదామనుకున్నాను.
రెండో నిమిషంలోనే
గడియారం చూసుకున్నాను.